చిన్న గదికి బుల్లి 5.1 స్పీకర్లు: ఏవి తీసుకోవాలి, ఎలా అమర్చాలి?

#1 చిన్నగది

అందరికీ నమస్కారం. సినిమాలు చూడ్డానికి 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్) కొనాలనుకుంటున్నాం. గది పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 3.4, ఎత్తు 3. టీవీ 55 అంగుళాలది, వెడల్పు గోడ మీద ఉంది. సోఫా దానికి ఎదురుగా, వెనక గోడకు ఆనించి ఉంది. ముగ్గురం కూర్చుంటాం. నిలువెత్తు టవర్ స్పీకర్లకు చోటు లేదు. చూస్తున్నవి రెండు రకాలు:

అ) అరచేతిలో పట్టేంత క్యూబులు ఐదు, 6.5 అంగుళాల సబ్‌వూఫర్, అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు. పెట్టె మీద 1000 వాట్లు అని ఉంది.
ఆ) 4 అంగుళాల వూఫర్ (కింది శబ్దాలు వాయించే డ్రైవర్) ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 10 అంగుళాల సబ్, విడిగా రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్ పెట్టె).

మొదటిది చూడ్డానికి ముచ్చటగా ఉంది. శబ్దంలో తేడా నిజంగా అంత ఉంటుందా?

#2 మంద్రఘోష

ఉంటుంది. తేడా ఎక్కడొస్తుందో తెలిస్తే ఎంపిక మీరే చేసేసుకుంటారు.

ఇలాంటి సెట్టులో ముందు చూడాల్సింది వాట్లు కాదు. శాటిలైట్ స్పీకర్ (సబ్ కాకుండా మిగిలిన చిన్నవి) కింద ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర చేతులెత్తేస్తుంది, సబ్ ఎక్కడిదాకా పైకి రావాల్సి వస్తుంది, ఈ రెండే. 2.5 అంగుళాల డ్రైవర్ ఉన్న క్యూబ్ దాదాపు 180-200 హెర్ట్జ్ దగ్గరే పడిపోతుంది. మగవాళ్ల మాటలో మూల ఫ్రీక్వెన్సీ సుమారు 85 నుంచి 155 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అంటే హీరో గొంతులో నిండుదనమంతా సబ్ నుంచే రావాలి. సబ్ గది మూలన ఉంటే మనిషి తెర మీద, గొంతు అడుగుభాగం మూలన అన్నట్టు తయారవుతుంది. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పెద్దగా పసిగట్టలేదు, 120 దాటితే ఇట్టే పట్టేస్తుంది. రిసీవర్లలో 80 హెర్ట్జ్ క్రాసోవర్ (దాని కింది శబ్దం సబ్‌కి, పైది స్పీకర్లకి వెళ్లే హద్దు) అంత మామూలైపోవడానికి ఇదే కారణం.

పోనీ క్యూబులకు కూడా క్రాసోవర్ 80కే పెడదామంటే 80 నుంచి 180 దాకా ఎవరూ వాయించని గొయ్యి మిగిలిపోతుంది. డ్రమ్స్ దెబ్బ, తలుపు మూసిన చప్పుడు, గొంతులో బరువు అన్నీ ఆ గోతిలోనే పోతాయి. ఇలాంటి సెట్టు విన్నవాళ్లు ‘ట్రెబుల్ ఉంది, దడదడ ఉంది, మధ్యలో ఏమీ లేదు’ అంటారు, సరిగ్గా అదే.

4 అంగుళాల వూఫర్ ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ మామూలుగా 80-90 దాకా దిగుతుంది. గోడకు దగ్గరగా పెడితే ఇంకాస్త సాయం దొరుకుతుంది. దానికి 100 దగ్గర క్రాసోవర్ పెడితే గొయ్యి ఉండదు, సబ్ ఎక్కడుందో కూడా తెలియదు. స్పెక్ షీట్‌లో ‘70 హెర్ట్జ్ - 20 కిలోహెర్ట్జ్’ అని మాత్రమే రాసి, పక్కన ‘±3 డెసిబెల్’ లేకపోతే ఆ 70ని నమ్మకండి. 10 డెసిబెల్ పడిపోయిన చోటు నుంచి లెక్కేసి రాసేవాళ్లూ ఉన్నారు.

నా ఓటు (ఆ)కి.

#3 నైట్‌షో

ఇంత తిప్పలెందుకండీ, మంచి సౌండ్‌బార్ తీసుకుంటే అయిపోతుందిగా.

#4 మంద్రఘోష

@నైట్‌షో తీగలు లాగడం అసలే కుదరని ఇంటికి అదే నయం, కాదనను. కానీ విడి సబ్ లేని బార్‌లో ఇందాక చెప్పిన గొయ్యి ఇంకా పెద్దది. పైగా బార్ పాడైతే మొత్తం మార్చాలి. ఇక్కడ రిసీవర్ పోతే రిసీవరే మారుతుంది.

#5 సర్క్యూట్

ఆ 1000 వాట్ల సంగతి నేను చెప్తాను. పెట్టె సెట్టుల్లో ఆ అంకె మామూలుగా 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో కొలిచి, అన్ని చానెళ్లవీ కలిపేసింది. 10 శాతం అంటే శబ్దం చెడిపోయిందని చెవికి తెలిసిపోయే స్థాయి. రిసీవర్ పెట్టె మీద ‘20 హెర్ట్జ్ - 20 కిలోహెర్ట్జ్, 8 ఓంలు, 0.08 శాతం, 2 చానెళ్లు నడుస్తూ’ అని రాసిన 80 వాట్లు దాని ముందు చిన్నగా కనిపిస్తాయి గానీ, నిజాయితీ ఉన్న అంకె అదే.

వాట్ల కన్నా సెన్సిటివిటీ చూడండి. 1 వాట్‌కి 1 మీటర్ దూరంలో 85 డెసిబెల్ ఇచ్చే స్పీకర్ అనుకుందాం. 3.2 మీటర్ల దూరానికి 10 డెసిబెల్ తగ్గుతుంది. 50 వాట్లు ఇస్తే 17 పెరుగుతుంది. మొత్తం 92. గది గోడల వల్ల ఇంకో రెండు మూడు కలుస్తాయి. సినిమా రిఫరెన్స్ స్థాయిలో (థియేటర్లకి పెట్టుకున్న ప్రామాణిక సౌండ్) ఒక్కో చానెల్ పీక్ 105. అది ఈ చిన్నవాటితో అందదు, అందాల్సిన పనీ లేదు. ఇళ్లలో ఎక్కువమంది దానికి 10-15 డెసిబెల్ తక్కువలోనే వింటారు.

ఇక్కడ ఒక మెలిక. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 వాట్‌కి కాకుండా 2.83 వోల్టులకి రాస్తాయి. 8 ఓంలకి అది సరిగ్గా 1 వాట్, 4 ఓంలకి 2 వాట్లు. అందుకే 4 ఓంల స్పీకర్ మీద రాసిన 85, వాట్ లెక్కలో నిజానికి 82.

ఇంకోటి. పెట్టె సెట్టు క్యూబులు చాలావరకు 3 లేదా 4 ఓంలవి, వాటి ఆంప్‌కి సరిపడా చేసినవి. రేపు ఆ ఆంప్ చెడిపోతే క్యూబుల్ని మామూలు రిసీవర్‌కి తగిలిద్దామని పెట్టుకోకండి. 6 ఓంల దాకానే అనుమతి ఉన్న రిసీవర్‌కి 3 ఓంలు తగిలిస్తే కాస్త సౌండ్ పెంచగానే వేడెక్కి, తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది (ప్రొటెక్షన్ అంటారు). దానికి తోడు ప్లగ్గులు కూడా వాళ్ల సొంత రకం.

#6 కొలబద్ద

అమరిక సంగతికి వద్దాం. కొలతలు ఇచ్చారు కాబట్టి లెక్క తేలికే.

ముందు సోఫాని గోడ నుంచి జరపండి. చెవులు వెనక గోడకు 60 సెంటీమీటర్ల ముందు ఉంటే చాలు. 4.2 మీటర్ల పొడవున్న గదిలో మొదటి మోడ్ (గది కొలత వల్ల ఉబ్బే ఫ్రీక్వెన్సీ) 41 హెర్ట్జ్ దగ్గర, రెండోది 82 దగ్గర పడతాయి (343ని పొడవుకి రెట్టింపుతో భాగించండి, అంతే). గోడ దగ్గర ఈ రెండూ గరిష్ఠంగా ఉబ్బుతాయి. 60 సెంటీమీటర్లు ముందుకొస్తే 41 దగ్గర ఒక డెసిబెల్ కూడా తగ్గదు గానీ, 82 దగ్గర దాదాపు 4 డెసిబెల్ తగ్గుతుంది. చెవుల్లో గుయ్యిమనే మోత ఎక్కువగా ఆ 82దే. అలాగని ఉత్సాహంగా గది నట్టనడుమకి జరిపేయకండి, అక్కడ 41 హెర్ట్జ్ పూర్తిగా మాయమవుతుంది.

ముందు స్పీకర్లు: చెవి నుంచి ముందు స్పీకర్ల వరస దాకా 3.2 మీటర్లు అనుకుంటే, ఎడమ కుడి స్పీకర్ల మధ్య 2.6 మీటర్లు పెట్టండి. నడిమి సీటు నుంచి చూస్తే ఒక్కోటి 22 డిగ్రీలు అవుతుంది. పుస్తకాల్లో కనిపించే 30 డిగ్రీలు కావాలంటే 3.7 మీటర్లు కావాలి, మీ గది వెడల్పే 3.4. 2.6 పెడితే ఒక్కో పక్క గోడకి 40 సెంటీమీటర్లు మిగులుతుంది. ట్వీటర్ (పై శబ్దాలు వాయించే చిన్న డ్రైవర్) చెవి ఎత్తులో ఉండాలి, స్పీకర్ ముఖం నడిమి సీటు వైపు కొద్దిగా తిప్పాలి.

సరౌండ్స్ (పక్కల పెట్టే మిగిలిన రెండు స్పీకర్లు): టీవీ వైపు నుంచి కొలిస్తే 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవికి కాస్త వెనగ్గా పక్క గోడల మీద. మీ లెక్కకి 100 డిగ్రీలంటే చెవి వరసకి 30 సెంటీమీటర్లు వెనక, 110 అంటే 62, అంటే మూలే. 30 దగ్గర బిగించండి. ఎత్తు చెవికి 40-60 సెంటీమీటర్లు పైన ఉంటే పక్కన కూర్చున్నవాళ్ల తల అడ్డం రాదు, చివరి సీటువాళ్ల చెవిలో నేరుగా మోగదు. తర్వాత ఎప్పుడైనా పైకప్పు స్పీకర్లు పెట్టి అట్మాస్ (శబ్దం పై నుంచి కూడా వచ్చే పద్ధతి) చేసే ఆలోచన ఉంటే మాత్రం సరౌండ్స్‌ని చెవి ఎత్తుకి దగ్గరగానే ఉంచండి. లేకపోతే పైన, పక్కన అనే తేడా చెరిగిపోతుంది.

#7 చిన్నగది

సోఫా జరపడానికి ఒప్పుకున్నారు. (ఆ) రకమే ఖాయం. రెండు ప్రశ్నలు: సెంటర్ స్పీకర్ టీవీ స్టాండ్ అరలో దూర్చవచ్చా? సరౌండ్స్‌కి గోడ చుట్టూ తిప్పితే తీగ 10 మీటర్లు అవుతోంది, ఏ సైజు కొనాలి?

#8 వైరింగ్_వీర

తీగ నా వంతు. రాగి తీగ నిరోధం మీటరుకి, 1 చదరపు మిల్లీమీటరుకి 0.0175 ఓం. 10 మీటర్ల దూరానికి పోను రాను 20 మీటర్లు.

0.5 చ.మి.మీ. తీగ అయితే 0.7 ఓం. 6 ఓంల స్పీకర్‌కి దాదాపు 1 డెసిబెల్ నష్టం.
1.5 అయితే 0.23 ఓం, నష్టం 0.3 డెసిబెల్, వినపడదు.
2.5 అయితే 0.14 ఓం. 4 ఓంల స్పీకర్లయితే ఇది తీసుకోండి.

మీకు 1.5 చాలు. ముందు మూడింటికీ 4 మీటర్ల లోపే కాబట్టి అదే వాడేయండి. అంతకు మించి లావు తీగకి పెట్టే డబ్బు సబ్‌కి పెట్టుకోండి.

జాగ్రత్త పడాల్సింది తీగలో సరుకు గురించి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ ఇదే మందంలో, ఇదే రంగులో దొరుకుతుంది. నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, పదేపదే వంచితే పోగులు తెగుతాయి. కొనేముందు ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పైన వెండి రంగు ఉండి లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, అది మంచిదే.

బిగించేటప్పుడు కొన నుంచి 1 సెంటీమీటరు మాత్రమే తొక్క తీసి, పోగుల్ని గట్టిగా మెలిపెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా రిసీవర్ టిక్కుమని ఆగిపోతుంది, స్క్రీన్ మీద ప్రొటెక్ట్ అని వస్తుంది. బనానా ప్లగ్గులు వాడితే ఈ బెడదే ఉండదు. తీగ రెండు పాయల్లో ఒకదాని మీద గీత గానీ గాడి గానీ ఉంటుంది. గీత ఉన్నది ఎప్పుడూ ఎరుపుకే అని నియమం పెట్టుకోండి. ఒక స్పీకర్‌కి తిరగబడినా బాస్ పలచబడుతుంది, మధ్యలో రావాల్సిన గొంతు గది అంతా చెదిరిపోతుంది.

అనుమానం వస్తే తీగని రిసీవర్ వైపు ఊడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని ఎర్ర పాయకి, మైనస్‌ని నల్ల పాయకి ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ బయటికి కదిలితే సరిగ్గా ఉన్నట్టు. లోపలికి పోతే ఎక్కడో తారుమారైంది. జాలీ తీసేసి చూడండి, కదలిక చిన్నదే గానీ కంటికి తెలుస్తుంది.

#9 సర్క్యూట్

సెంటర్ గురించి. అరలో దూర్చకపోతేనే మంచిది. తప్పదంటే స్పీకర్ ముఖం అర అంచుకి సమంగా, వీలైతే ఒక సెంటీమీటరు బయటికి ఉండాలి. లోపలికి నెట్టేస్తే అరలోని కింది చెక్క మీద శబ్దం తగిలి మాట ముద్దగా వస్తుంది. వెనక పోర్టు ఉన్న మోడల్ అయితే అర పెట్టెలా మోగుతుంది, పోర్టులో స్పాంజ్ ముక్క పెట్టి చూడండి. ముందు అంచు కింద రబ్బరు ముక్క పెట్టి ట్వీటర్ మీ ముఖం వైపు చూసేలా ఎత్తండి. డైలాగ్ స్పష్టత కోసం ఏ సెట్టింగ్ మార్చకముందే చేయాల్సిన పని ఇదే.

సెంటర్, ఎడమ, కుడి మూడూ ఒకే సిరీస్‌వి తీసుకోండి. కారు తెర మీద ఎడమ నుంచి కుడికి పోతుంటే మధ్యలో శబ్దం రంగు మారకూడదు. సరౌండ్స్ వేరే సిరీస్ అయినా పర్వాలేదు.

#10 మంద్రఘోష

ఇక్కడ నాది కొంచెం వేరే మాట. వూఫర్, ట్వీటర్, వూఫర్ అడ్డంగా పేర్చిన చిన్న సెంటర్లలో పక్క సీట్లకి కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోతాయి. రెండు వూఫర్లూ ఆ చెవికి సమాన దూరంలో ఉండవు మరి. చోటు ఉంటే ముందు రెండింటిలాంటిదే మూడో బుక్‌షెల్ఫ్‌ని నిలువుగా మధ్యలో పెట్టడం అన్నిటికన్నా మంచిది. ఇద్దరే, అదీ మధ్యలో కూర్చునేవాళ్లయితే సెంటర్ లేకుండా రిసీవర్‌లో ‘సెంటర్: నన్’ పెట్టినా బానే ఉంటుంది. ముగ్గురు కాబట్టి మీకు సెంటర్ కావాలి.

బడ్జెట్ ఇరుకుగా ఉంటే ముందు 3.1 (ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్) కొనండి. నాసిరకం ఐదింటి కన్నా మంచి మూడు, మంచి సబ్ మేలు. సరౌండ్స్ ఆర్నెల్ల తర్వాత కలుపుకోవచ్చు, రిసీవర్‌లో ఆ రంధ్రాలు ఎక్కడికీ పోవు.

#11 సర్క్యూట్

నిలువు బుక్‌షెల్ఫ్ మంచిదే, 55 అంగుళాల టీవీ కింద ఎక్కడ పెడతారు? తెర అడుగుభాగానికి అడ్డం వస్తుంది. గోడకున్న టీవీని పైకి జరపాలి, అప్పుడు మెడ నొప్పి. అడ్డం రకమే తీసుకోండి, ట్వీటర్ రెండు వూఫర్ల మధ్యన కాస్త పైకి, దాని కిందే చిన్న మిడ్ డ్రైవర్ ఉన్న మోడల్ దొరికితే పక్క సీట్ల సమస్య చాలావరకు పోతుంది.

#12 కొలబద్ద

సబ్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మూలన పెడితే మోత ఎక్కువ, కానీ సీటు సీటుకీ తేడా కూడా ఎక్కువ. మీ 3.4 వెడల్పుకి మోడ్ 50 హెర్ట్జ్. మూలనున్న సబ్ దాన్ని బాగా రేపుతుంది. నడిమి సీటు సరిగ్గా వెడల్పు మధ్యన ఉంది కాబట్టి అక్కడ ఆ 50 వినపడదు, అటూ ఇటూ కూర్చున్నవాళ్లకి దడదడలాడుతుంది. అదే సబ్‌ని ముందు గోడ మధ్యలో, టీవీ కిందకి తెస్తే ఈ మోడ్ లేవనే లేవదు, ముగ్గురికీ బాస్ దగ్గరదగ్గరగా ఉంటుంది. మూల ఇచ్చే ఊపు కొంత పోతుంది, దాన్ని గెయిన్‌తో (సబ్ వెనక ఉండే సౌండ్ నాబ్) సరిచేసుకోవచ్చు.

అక్కడ చోటు లేకపోతే పాత పద్ధతే. సబ్‌ని మీ సీట్లో పెట్టి, బాస్ బాగా ఉన్న పాట ఏదైనా వేసి, సబ్ పెట్టడానికి వీలున్న ప్రతి చోటా నేల మీద మోకాళ్ల మీద పాకుతూ వినండి. స్వరాలు విడివిడిగా, ఒకే బలంతో వినిపించిన చోటే సబ్‌కి చోటు. ఒక స్వరం మాత్రం ఉబ్బి పైకొచ్చే చోటు వద్దు.

కనెక్షన్: రిసీవర్ సబ్ అవుట్ నుంచి సబ్‌లో ‘ఎల్‌ఎఫ్‌ఈ’ (సినిమాలోని విడి బాస్ చానెల్) అని రాసిన రంధ్రానికి ఒకే ఆర్‌సీఏ కేబుల్. సబ్ వెనక క్రాసోవర్ నాబ్‌ని చివరికంటా పైకి తిప్పేయండి. అది 80 దగ్గర, రిసీవర్‌లోది 100 దగ్గర ఉంటే రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పడి మళ్లీ ఆ గొయ్యి తిరిగొస్తుంది.

#13 చిన్నగది

అన్నీ బిగించాం. సబ్ టీవీ స్టాండ్ పక్కన పెట్టాం. రిసీవర్‌లో మైక్ పెట్టి ఆటో కాలిబ్రేషన్ (రిసీవరే గదిని కొలిచి సర్దుకోవడం) నడిపితే ఇలా చూపించింది:

ముందు ఎడమ, కుడి: లార్జ్
సెంటర్: 60 హెర్ట్జ్
సరౌండ్స్: 90 హెర్ట్జ్
సబ్ దూరం: 4.9 మీటర్లు (టేపుతో కొలిస్తే 3.2)
సబ్ లెవెల్: -12

మైక్‌ని సోఫా వీపు మీద నిలబెట్టాను. డైలాగ్ బానే ఉంది, బాస్ మాత్రం మరీ ఎక్కువ.

#14 కొలబద్ద

వరసగా చూద్దాం.

మైక్: సోఫా వీపు మీద వద్దు. పక్కనే ఉన్న గుడ్డ మీద ట్రెబుల్ తగిలి తిరిగొచ్చి కొలత చెడుతుంది. కెమెరా ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో, వీపుకి 15-20 సెంటీమీటర్లు ముందు పెట్టండి. మొదటి కొలత నడిమి సీటులోనే, దూరాలూ లెవెళ్లూ దాన్నుంచే లెక్క. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మీరు మైక్‌కీ స్పీకర్‌కీ మధ్య నిలబడకండి.

సబ్ లెవెల్ -12: అది రిసీవర్ దించగలిగిన చివరి మెట్టు. ఇంకా తగ్గించడానికి దానికి చోటే లేదు, మీకు బాస్ ఎక్కువ అనిపించడానికి కారణం ఇదే. సబ్ గెయిన్ నాబ్‌ని సగం కన్నా కిందికి తగ్గించి మళ్లీ నడపండి. ఫలితం -5 నుంచి 0 మధ్య వచ్చేదాకా సర్దండి. దీనివల్ల ఇంకో లాభం: రిసీవర్ నుంచి సిగ్నల్ కాస్త గట్టిగా వెళ్తుంది కాబట్టి, రాత్రి తక్కువ సౌండ్‌లో చూసేటప్పుడు సబ్ ఆటో స్టాండ్‌బైలోకి జారుకోదు.

సబ్ దూరం 4.9: దాన్ని ముట్టుకోకండి. సబ్ లోపలి ఫిల్టర్లు, ఆంప్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా చూపిస్తోంది. 1.7 మీటర్ల తేడా అంటే సుమారు 5 మిల్లీసెకన్లు, మామూలే. టేపు కొలత పెడితే సబ్ వెనకబడిపోతుంది.

లార్జ్ (బాస్ అంతా ఆ స్పీకర్‌కే పంపడం): దీన్ని మాత్రం తప్పకుండా స్మాల్‌కి (బాస్‌ని సబ్‌కి మళ్లించడం) మార్చండి. 4 అంగుళాల వూఫర్‌కి 30 హెర్ట్జ్ పంపితే కోన్ ఊగుతుంది తప్ప శబ్దం రాదు. గోడ దగ్గరున్న ఊతం చూసి రిసీవర్ పొరబడింది. ముందు మూడింటికీ 100 పెట్టండి. క్రాసోవర్‌ని కాలిబ్రేషన్ చూపించిన అంకె కన్నా పైకి జరపడం ఎప్పుడూ క్షేమమే. కిందికి జరిపితే ఆ ప్రాంతంలో దిద్దుబాటు ఉండదు. సరౌండ్స్‌కి 90 చూపిస్తే 100 గానీ 110 గానీ. ‘ఎల్‌ఎఫ్‌ఈ లో పాస్’ అని విడిగా ఉంటుంది, అది 120 దగ్గరే ఉంచండి.

చివర్లో ఫేజ్, అంటే సబ్, స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు కాకుండా కలిసి కదలడం. 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేసి, నడిమి సీట్లో కూర్చుని, ఇంకొకరిని సబ్ వెనక స్విచ్ 0 నుంచి 180కి మార్చమనండి. ఎక్కువ గట్టిగా వినిపించినదే సరైనది. ఓపిక ఉంటే సబ్ దూరాన్ని 30 సెంటీమీటర్ల చొప్పున అటూ ఇటూ మార్చి ఇంకా గట్టిపడుతుందేమో చూడండి. దూరం ముట్టుకోవద్దని పైన అన్నది టేపు లెక్క పెట్టొద్దని. వింటూ చేసే ఈ సవరణ వేరు.

#15 చిన్నగది

లెవెల్ -3 కి వచ్చింది, బాస్ కుదురుకుంది. కొత్త చిక్కు: టీవీలోని యాప్‌లలో ఏ సినిమా వేసినా సరౌండ్స్ నుంచి చప్పుడు లేదు. టెస్ట్ టోన్‌కి మాత్రం మోగుతున్నాయి. టీవీ నుంచి రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఒకటే ఉంది.

#16 సర్క్యూట్

రిసీవర్ డిస్‌ప్లేలో ఏం కనిపిస్తోంది? ‘పీసీఎం’ అని ఉంటే టీవీయే శబ్దాన్ని స్టీరియోగా మార్చి పంపుతోంది. మామూలు ఏఆర్‌సీలో (టీవీ శబ్దం హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కి తిరిగొచ్చే దారి) పీసీఎం అంటే రెండు చానెళ్లే. టీవీ సౌండ్ మెనూలో ‘డిజిటల్ అవుట్‌పుట్’ని పీసీఎం నుంచి ‘పాస్‌త్రూ’ లేదా ‘ఆటో’కి మార్చండి. డాల్బీ డిజిటల్ ప్లస్ (యాప్‌లు వాడే సరౌండ్ రకం) అని కనిపిస్తే పని అయినట్టే. యాప్‌ల అట్మాస్ కూడా ఎక్కువగా అందులోనే వస్తుంది, దానికి ఏఆర్‌సీ చాలు. బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ శబ్దాన్ని టీవీ మీదుగా పంపాలంటేనే ఈ-ఏఆర్‌సీ (ఏఆర్‌సీలో మెరుగైన రకం) కావాలి. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే తగిలిస్తే ఆ అవసరమూ లేదు. ఆప్టికల్ కేబుల్‌కి మారొద్దు, డాల్బీ డిజిటల్ ప్లస్ దాని గుండా పోదు.

కేబుల్ రెండు వైపులా ‘ఏఆర్‌సీ’ అని రాసిన రంధ్రంలోనే ఉండాలి, టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించే సెట్టింగ్) ఆన్ అయి ఉండాలి. పాత సినిమా రెండు చానెళ్లదే అయితే రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ వేసుకోండి.

#17 నైట్‌షో

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా సబ్ ఏమీ వేయకపోయినా ‘హుమ్మ్’ అంటోంది. దీనికేమైనా మందుందా?

#18 వైరింగ్_వీర

ముందు సబ్‌కి వచ్చే ఆర్‌సీఏ కేబుల్ ఊడదీయండి. అప్పటికీ హుమ్ ఉంటే గోల సబ్ లోపలే. పోతే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ ఒకటికి మించిన దారుల్లో కలిసి మోత పుట్టడం. కేబుల్ మళ్లీ పెట్టి, టీవీకి వచ్చే కేబుల్ కనెక్షన్ కోయాక్స్ తీగని ఊడదీసి చూడండి, చాలాసార్లు దొంగ అదే. అదైతే కోయాక్స్‌కి ఐసోలేటర్ (ఆ ఎర్త్ దారిని తెంచే చిన్న ముక్క) వేస్తే సరిపోతుంది. కాకపోతే సబ్, రిసీవర్, టీవీ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చండి. సబ్ కేబుల్ కరెంటు తీగ పక్కనే పోతుంటే విడదీయండి, దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి. ఎర్త్ పిన్ విరగ్గొట్టమనో, టేపు చుట్టమనో ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. హుమ్ పోవచ్చు గానీ, లోపల ఏదైనా తెగితే సబ్ బాడీకే కరెంటు వస్తుంది.

#19 చిన్నగది

పాస్‌త్రూకి మార్చగానే సరౌండ్స్ మోగాయి. మాట మాత్రం పెదాల కన్నా కొంచెం ముందు వినిపిస్తోంది.

#20 సర్క్యూట్

తెర మీద బొమ్మని టీవీ ప్రాసెస్ చేయడానికి పట్టే టైమ్ అది. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చూపించే సెట్టింగ్) ఆపేయండి, కొంత తగ్గుతుంది. మిగిలినదానికి రిసీవర్ ‘ఆడియో డిలే’ని 0 నుంచి 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ, ఎవరైనా కెమెరా వైపు చూస్తూ మాట్లాడే వార్తల చానెల్ పెట్టి ‘ప’, ‘బ’, ‘మ’ల దగ్గర పెదాలు కలవడం చూడండి. యాప్‌కీ సెట్‌టాప్ బాక్స్‌కీ వేర్వేరు అంకెలు రావచ్చు. మీ రిసీవర్ ఒక్కో ఇన్‌పుట్‌కి విడిగా గుర్తుపెట్టుకునే రకమో కాదో మెనూలో చూసుకోండి.